రీఫ్ ట్యాంకులో కోపెపాడ్లు తగ్గిపోకుండా పెంచుకోవడం ఎలా

చెన్నైలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు (కోరల్స్), సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టుకున్న మన తెలుగు స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "సీసా పాడ్స్ కొని పోశాను, వారం తిరక్కుండానే ఒక్కటీ కనపడట్లేదు, ఏం తప్పు చేశాను?" పాడ్స్ అంటే కోపెపాడ్లే, చేపలకి, కోరల్స్‌కి మేతయ్యే, రొయ్యలకి చుట్టాలైన చిన్న చిన్న జీవులు. చాలాసార్లు అవి జబ్బు చేసి చచ్చిపోయి ఉండవు. చేపలు తినేసి ఉంటాయి, మిగిలినవి ఫిల్టర్‌లో ఇరుక్కుని ఉంటాయి. రోజుకి ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్న లెక్క ఒక్కటే ఇక్కడ ముఖ్యం. పుట్టేవి ఎక్కువైతే ట్యాంకులో పాడ్స్ ఉంటాయి, పోయేవి ఎక్కువైతే నెలకి ఎన్ని సీసాలు పోసినా ఉండవు. కింద చెప్పే పనులన్నీ ఆ లెక్కని మన వైపు తిప్పుకోడానికే.

నేనుండేది పెరంబూరులో. 200 లీటర్ల ట్యాంకు, దాని కింద ఫిల్టర్లు పెట్టుకునే చిన్న తొట్టి, అదే సంప్. సొంతూరు నెల్లూరు జిల్లా, మా మామయ్య అక్కడ రొయ్యల హేచరీలో ఆల్గే గది చూసుకుంటారు. రొయ్య పిల్లలకి మొదటి మేత ఆ ఆల్గేనే కాబట్టి, దాన్ని పెంచడం, చెడిపోకుండా కాపాడుకోవడం ఆయనకి రోజూ చేసే పని. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ముందు రాత్రిపూట చూడండి

ఏదీ కొనకముందే మీ ట్యాంకులో ఇప్పుడు ఏముందో చూసుకోండి. లైట్లు ఆపేసిన గంటా రెండు గంటల తర్వాత టార్చ్ తీసుకుని అద్దం మీద, రాళ్ళ సందుల్లో వెతకండి. టార్చ్‌కి ఎర్ర కాగితం చుడితే ఇంకా మంచిది, వెలుగు పడగానే పారిపోవు. గసగసాల కంటే చిన్నగా, తెల్లటి చుక్కల్లా అద్దం మీద పాకుతూ, ఆగుతూ, మళ్ళీ ఒక్క గెంతు గెంతేవి పాడ్స్. పెద్దగా, వీపు వంచుకుని పక్కకి ఈదేవి ఆంఫిపాడ్లు, అవి వేరు. అవి ఉన్నా మంచిదే కానీ, చిన్న నోటి చేపలకి అవి పాడ్స్‌కి బదులు కావు.

అద్దం మీద మీ అరచేయంత చోటు ఒకటి ఎంచుకోండి. ప్రతి ఆదివారం రాత్రి ఒకే టైముకి ఆ చోటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కేలండర్ మీద రాసుకోండి. దీనికి కిట్లేమీ అక్కర్లేదు. ఆ అంకె మూడు వారాలు వరసగా తగ్గుతుంటే ఏదో తేడా జరుగుతున్నట్టే. ఈ అలవాటు లేకపోతే పాడ్స్ అయిపోయాయన్న సంగతి చేప పొట్ట లోపలికి పోయాక గానీ మనకి తెలియదు.

ఏ రకం తీసుకోవాలి

మనకి దొరికేవాటిలో ముఖ్యంగా మూడు పేర్లు వింటారు. టిస్బె చాలా చిన్నది, పెద్దదైనా మిల్లీమీటరు దాటదు, రాళ్ళ మీద, ఇసుకలో పాకుతూ బతుకుతుంది, అందుకే చేపలకి అంత తేలిగ్గా దొరకదు. ట్యాంకులో స్థిరపడి పిల్లల్ని పెట్టాలంటే మొదట వేయాల్సింది ఇదే. టిగ్రియోపస్ కొంచెం పెద్దది, ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది, నారింజ ఎరుపు రంగు, కంటికి బాగా కనపడుతుంది, గెంతుతూ నీళ్ళలోకి వచ్చేస్తుంది. మనకి కనపడినట్టే చేపకీ కనపడుతుంది కాబట్టి చేపలున్న ట్యాంకులో ఇది ఎక్కువ కాలం నిలవదు, మేతగా వాడుకోడానికి మాత్రం చాలా బాగుంటుంది. అమెరికా పడమటి తీరంలో బండల మీద అలల నీళ్ళు నిలిచిన గుంటల్లో బతికే జీవి ఇది. ఎండకి నీళ్ళు వేడెక్కినా, ఉప్పు పెరిగినా, వానకి తగ్గినా తట్టుకుంటుంది, అందుకే విడిగా డబ్బాలో పెంచడం మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందు దీన్నే చెప్తాను. మూడోది అపోసైక్లాప్స్. దీని పిల్లలు నీళ్ళలో తేలుతూ ఉంటాయి కాబట్టి కోరల్స్‌కి, చేప పిల్లలకి అందుతాయి. వెచ్చటి నీళ్ళంటే దీనికి ఇబ్బంది లేదు.

వీలైతే టిస్బె, అపోసైక్లాప్స్ రెండూ ట్యాంకులో వేసి, టిగ్రియోపస్‌ని డబ్బాలో పెంచుకోండి.

ఇంకో సంగతి. పాడ్ గుడ్డులోంచి నేరుగా పాడ్‌లా బయటికి రాదు. ముందు నాప్లి అనే పిల్ల దశ, అందులో ఆరు మెట్లు. తర్వాత కోపెపొడైట్ దశ, అందులో ఐదు మెట్లు దాటాక పెద్దది అవుతుంది. ప్రతి మెట్టుకీ పాత పెంకు వదిలేస్తుంది. డబ్బా అడుగున తెల్లగా, ఖాళీగా కనపడేవి చాలావరకు ఆ వదిలేసిన పెంకులే. వాటిని చూసి అన్నీ చచ్చిపోయాయని మా స్నేహితుడొకడు డబ్బా మొత్తం సింకులో పారబోశాడు. తొందరపడకండి, కదిలేవి ఉన్నాయేమో చూడండి.

దాక్కోడానికి చోటు

పొలానికి నారుమడి ఎలాగో ట్యాంకుకి రెఫ్యూజియం అలాగ. చేపలు రాని చోట పాడ్స్ పెరిగి, అక్కడి నుంచి నీళ్ళతో పాటు ట్యాంకులోకి వస్తుండాలి. సంప్ ఉన్నవాళ్ళు అందులో ఒక గదిని దీనికి వదిలేయండి. సంప్ లేనివాళ్ళు ట్యాంకు అంచుకి తగిలించే డబ్బా పెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే సన్న కన్నాలున్న ప్లాస్టిక్ బుట్టలో రాతి ముక్కలు నింపి ట్యాంకులోనే ఒక మూల పెట్టండి. చేప దూరకుండా, పాడ్ దూరేలా సందులుంటే చాలు.

రెఫ్యూజియంలో వేయాల్సింది చీటో. పచ్చటి స్క్రబ్బర్ పీచులా ఉండే ఆల్గే అది. ఆ పోగుల మధ్య పాడ్స్ లక్షణంగా బతుకుతాయి, పైగా చీటో నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ తీసుకుని పెరుగుతుంది. లైటుని ట్యాంకుకి ఎదురు టైములో పెట్టండి. ట్యాంకులో లైట్లు ఆరగానే రెఫ్యూజియంలో వెలగాలి, అలా చేస్తే రాత్రిపూట పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. చీటో ముద్దగా పెరిగాక సగం తీసేయాలి కదా, తీసే ముందు ట్యాంకు నీళ్ళున్న బకెట్లో గట్టిగా జాడించండి. ఆ బకెట్టుని వెలుగులో పెట్టి చూస్తే ఎన్ని పాడ్స్ రాలాయో మీకే తెలుస్తుంది. ఆ నీళ్ళని మళ్ళీ సంప్‌లో పోసేయండి. అడుగున రెండు మూడు గుప్పెళ్ళ రాతి ముక్కలు కూడా వేసి ఉంచండి, అక్కడ పేరుకునే చెత్తని ప్రతి వారం సైఫన్ చేసేయొద్దు, అది కొంత ఉండాలి, టిస్బె తినేది అదే.

రాళ్ళ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈసీఆర్ మీద ఎక్కడైనా దొరికిందని, రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు ఎవరో అమ్మారని, సముద్రపు పగడపు రాయి తెచ్చుకోవద్దు. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, సముద్రపు గుర్రాలని కూడా ఆ ఏడాదే చేర్చారు. జైలుకి పంపే నేరం అది. దాని సంగతి అటుంచినా, గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో పగడాలు ఇప్పటికే ఎంత దెబ్బతిన్నాయో తెలిసినవాళ్ళెవరికీ మనసొప్పదు. ఎండు రాయి, సిరామిక్ రాయి కొనుక్కోండి, ఆరు నెలలు ఓపిక పడితే అదే బతికిన రాయి అవుతుంది.

ఫిల్టర్లు తినే పాడ్స్

చేపల తర్వాత పాడ్స్‌ని ఎక్కువ తీసుకుపోయేది ఫిల్టర్ సాక్, అంటే నీళ్ళలో చెత్తని పట్టే గుడ్డ సంచి. నీళ్ళు శుభ్రంగా కనపడాలని దాన్ని రోజూ ఉతికి పెట్టేవాళ్ళున్నారు, ప్రతి ఉతుకులో వందల పాడ్స్ పోతాయి. నేను సాక్ తీసేశాను, ఇసుక కదిలించినప్పుడు మాత్రం ఒక రాత్రి పెడతాను. తీయడం ఇష్టంలేకపోతే, ఉతికే ముందు దాన్ని తిరగేసి ట్యాంకు నీళ్ళలో ఒకసారి జాడించి, ఆ నీళ్ళు రెఫ్యూజియంలో పోయండి. ఈ చిన్న పని చాలామంది చేయరు.

నురగతో నీళ్ళలో మలినం తీసే స్కిమ్మర్‌ని ఆపేయమని నేను చెప్పను, కోరల్స్ ఉన్న ట్యాంకుకి అది కావాలి. ఫైటో (పాడ్స్ తినే, కంటికి కనపడనంత సన్నటి ఆల్గే) పోసినప్పుడు, కొత్త పాడ్స్ పోసినప్పుడు రెండు మూడు గంటలు ఆపితే సరిపోతుంది. నీళ్ళలో క్రిముల్ని చంపే యూవీ లైటు కూడా అంతే.

సీసా పోసేటప్పుడు

ట్యాంకు పెట్టి కనీసం రెండు నెలలై, అద్దం మీద గోధుమ రంగు పొర వచ్చి పోయి, రాళ్ళకి కొంచెం పచ్చదనం పట్టాక పోయండి. అంతకుముందు పోస్తే తినడానికేమీ ఉండదు. చేపలు వేయకముందే పోస్తే అన్నిటికంటే మంచిది.

ఏప్రిల్, మే నెలల్లో కొరియర్లో తెప్పించుకోకండి. బెంగళూరు నుంచి ఒక్క రాత్రిలో వచ్చేస్తుందంటారు, తీరా అది మధ్యాహ్నం ఎండలో వ్యాన్లో నాలుగు గంటలు ఉడుకుతుంది. కొళత్తూరు రంగు చేపల బజారుకి వెళ్ళి, ఉప్పునీటి సరుకు పెట్టే షాపులో సీసాని వెలుగుకి ఎత్తి చూసి, కదులుతున్నవి కంటికి కనపడితేనే తీసుకోండి. మూత తీస్తే సముద్రం వాసన రావాలి. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే తిరిగిచ్చేయండి.

ఇంటికి తెచ్చాక సీసాని అరగంట ట్యాంకు నీళ్ళలో తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. లైట్లు ఆరాక, రిటర్న్ పంపు, వేవ్ పంపు ఆపి, పొడుగాటి పైపు సిరంజితో రాళ్ళ అడుగున, చీటోలో వదలండి. పైనుంచి పోసేస్తే నిద్రపోని చేపలకి విందు పెట్టినట్టే. ఇరవై నిమిషాలాగి పంపులు వేయండి. సగం సీసా రెఫ్యూజియంకి, పావు ట్యాంకుకి, మిగతా పావు కింద చెప్పే డబ్బాకి.

విడిగా ఒక డబ్బా పెంచండి

ఈ ఒక్క పని చేస్తే ఇక సీసాలు కొనే అవసరం దాదాపు ఉండదు. పెద్ద ఖర్చు కూడా లేదు.

ఐదు నుంచి పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, వెడల్పు మూతి ఉండాలి. చెన్నైలో ప్రతి ఇంట్లో తిరిగే 20 లీటర్ల నీళ్ళ క్యాన్ పాతది ఉంటే, దాని భుజం దగ్గర కోసేస్తే అద్భుతంగా పనికొస్తుంది. సబ్బు పెట్టొద్దు, వేడి నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఆర్‌ఓ డీఐ నీళ్ళలో, అంటే లవణాలన్నీ తీసేసిన నీళ్ళలో, రీఫ్ ఉప్పు కలిపి స్పెసిఫిక్ గ్రావిటీ 1.022 నుంచి 1.025 వచ్చేలా చూసుకోండి. వంటింటి వాటర్ ప్యూరిఫయర్ నీళ్ళు వాడొద్దు, ఇప్పుడు చాలావాటిలో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటోంది. రాగి మన ఒంటికి మంచిదో కాదో గానీ పాడ్స్‌కి, రొయ్యలకి, కోరల్స్‌కి మాత్రం విషం. రాగి చెంబు, రాగి బిందె కూడా దరిదాపులకి రానివ్వకండి.

గాలి పెట్టాలి కానీ ఎయిర్ స్టోన్ పెట్టొద్దు. సన్న బుడగలు పిల్లలకి అంటుకుని వాటిని పైకి లాక్కుపోతాయి. గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒకటి అడుగుదాకా దించి, సెకనుకి రెండు మూడు పెద్ద బుడగలు వచ్చేలా వాల్వ్ తిప్పండి. నీళ్ళు నెమ్మదిగా కదిలితే చాలు. ఎయిర్ పంపు డబ్బా కంటే కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి లాగేసి పంపులోకి, అక్కణ్ణుంచి నేల మీదకి వచ్చేస్తాయి. పంపుని పైన అలమరలో పెట్టండి, లేదా పది ఇరవై రూపాయల చెక్ వాల్వ్ తగిలించండి. ప్రత్యేకంగా లైటు అక్కర్లేదు, గది వెలుగు చాలు. ఎండ మాత్రం నేరుగా పడకూడదు.

తెచ్చిన పాడ్స్ పోసి, నీళ్ళు లేత పచ్చగా మారేంతవరకు ఫైటో పోయండి. డబ్బా వెనక వేలు పెడితే వేలు కనపడాలి, పచ్చదనమూ కనపడాలి, అదే కొలత. మళ్ళీ ఎప్పుడు పోయాలి? ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇన్ని మిల్లీలీటర్లు అని టైం టేబుల్ పెట్టుకుంటారు. నేనూ అలాగే పెట్టుకుని ఫోన్ చేసి చెప్తే మామయ్య, "ఏందిరా, గడియారం చూసి మేతేస్తావా? నీళ్ళ రంగు చూసి ఎయ్యి" అన్నారు. నీళ్ళు తేటబడితే పోయాలి. నిన్న పోసింది ఇంకా పచ్చగానే ఉంటే పోయకూడదు. మొదటి వారం రెండు మూడు రోజులకోసారి తేటబడుతుంది, నాలుగో వారానికి ఒక్క రోజులోనే తేటబడుతుంది, అంటే లోపల తినే నోళ్ళు పెరిగాయన్నమాట. నీళ్ళ మీద తెల్లటి తెట్టు, పుల్లటి వాసన, పాడ్స్ అన్నీ అంచుల్లో పైకి చేరడం, ఈ మూడిట్లో ఏది కనపడినా మేత ఎక్కువైందని. వెంటనే సగం నీళ్ళు సన్న జల్లెడలోంచి వంచి, జల్లెడలో చిక్కినవాటిని డబ్బాలోనే వేసి, కొత్త ఉప్పునీళ్ళు నింపండి.

నీళ్ళ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఫ్యాను కింద ఉన్న డబ్బా మనం అనుకున్నదానికంటే త్వరగా ఆవిరవుతుంది, నీళ్ళే పోతాయి గానీ ఉప్పు పోదు కదా. గీత వరకు ఉప్పు లేని ఆర్‌ఓ డీఐ నీళ్ళు నింపుతుండండి.

మూడు వారాలు ముట్టుకోకండి. ఆ తర్వాత ప్రతి వారం ఐదో వంతు నీళ్ళు తీసి, అంత కొత్త ఉప్పునీళ్ళు పోయండి. తీసిన నీళ్ళని అలాగే ట్యాంకులో పోయొద్దు, అందులో అమోనియా, చెత్త ఉంటాయి. 53 మైక్రాన్ల జల్లెడ పెడితే పిల్లలతో సహా దాదాపు అన్నీ ఆగుతాయి. 120 మైక్రాన్ల జల్లెడ పెడితే పెద్దవి ఆగుతాయి, పిల్లలు కిందకి జారతాయి, వాటిని డబ్బాలోకే తిరిగి పంపొచ్చు. నా దగ్గర రెండూ ఉన్నాయి, ఒక్కటే కొనగలిగితే చిన్న కన్నాలది కొనండి. రెండు నెలలకోసారి డబ్బా అడుగు మొత్తం కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి.

డబ్బాలు ఎప్పుడూ రెండుండాలి. రెండూ ఒకే గదిలో కూడా ఉండకూడదు. ఎందుకో చెన్నై సంగతుల దగ్గర చెప్తాను.

ఫైటో ఇంట్లోనే

కొనుక్కోవచ్చు, కానీ వారానికో సీసా అంటే బరువే. ఇంట్లో పెంచడం పెరుగు తోడేసుకోవడం లాంటిదే, కొంత తీసి పక్కన పెట్టుకుంటే అదే రేపటికి తోడు.

రెండు లీటర్ల కూల్ డ్రింక్ సీసా శుభ్రంగా కడిగి, ఉప్పునీళ్ళు ముప్పావు పోసి, ఎఫ్/2 అనే ఆల్గే ఎరువు దాని సీసా మీద రాసినంత కలిపి, పావు వంతు బతికున్న ఫైటో పోయండి. గట్టి గొట్టంతో గాలి ఇక్కడ కొంచెం జోరుగానే పెట్టొచ్చు, అడుగున పేరుకోకూడదు. పక్కనే మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబ్, రోజుకి పదహారు గంటలు. వారం పది రోజుల్లో చిక్కటి పచ్చ రంగు వస్తుంది. మూడొంతుల్లో రెండొంతులు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మిగిలినదానికి మళ్ళీ ఉప్పునీళ్ళు, ఎరువు చేర్చండి. ఫ్రిజ్‌లోది రోజుకోసారి కదపాలి, మూడు వారాల్లో వాడేయాలి.

ఫైటో రకాల్లో న్యానోక్లోరాప్సిస్ పెంచడం అన్నిటికంటే తేలిక, అంత తొందరగా చావదు. కానీ అందులో డీహెచ్ఏ అనే కొవ్వు దాదాపు ఉండదు, అదొక్కటే తిన్న పాడ్స్ బతుకుతాయి గానీ చేపకి అందే బలం తక్కువ. ఐసోక్రైసిస్‌లో డీహెచ్ఏ బాగా ఉంటుంది, కాకపోతే అది సున్నితం, వేడి తగిలితే రెండు రోజుల్లో రంగు వెలిసి అడుగుకి చేరుతుంది. టెట్రాసెల్మిస్ పెంచడం తేలికే, కానీ అందులోనూ డీహెచ్ఏ దాదాపు ఉండదు. మొదటి మూడు నెలలు న్యానో, చేయి తిరిగాక ఐసో కూడా. రెండూ కలిపి మేపండి.

పాడ్స్ డబ్బాలో ముంచిన గొట్టం, గరిటె, సిరంజి ఏదీ ఫైటో సీసాలోకి వెళ్ళకూడదు. ఒక్క ఆడ పాడ్ గుడ్ల సంచితో లోపలికి పోయిందంటే రెండు వారాల్లో సీసా తేటనీళ్ళైపోతుంది. మామయ్య వాళ్ళ హేచరీలో ఆల్గే గదికి వేరే చెప్పులుంటాయి. మనం అంత చేయలేకపోయినా, ముందు ఫైటో పని, ఆ తర్వాతే పాడ్స్ పని అన్న వరస తప్పకండి.

ట్యాంకులో కూడా రోజూ కాస్త ఫైటో పోస్తే అక్కడి పాడ్స్‌కి మంచిది. 200 లీటర్లకి ఇంట్లో పెంచింది 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ చూసుకుంటూ పెంచండి.

చెన్నైలో ఉన్నవాళ్ళకి

ఇక్కడ పాడ్స్‌కి అన్నిటికంటే పెద్ద శత్రువు దోమల మందు. మూడేళ్ళ క్రితం నా దగ్గర ఒకే గదిలో మూడు డబ్బాలు, ఇసుక పోస్తే రాలనంత చిక్కగా ఉండేవి. వానాకాలం దోమలు ఎక్కువయ్యాయని ఇంట్లో ఎవరో ఆ గదిలో దోమల స్ప్రే కొట్టి తలుపేశారు. తెల్లారేసరికి మూడూ అయిపోయాయి, అడుగున ఎర్రటి పొర. వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పలేదు. ఆ స్ప్రేల్లో, ప్లగ్గుకి పెట్టే ద్రవాల్లో ఉండేవి ఎక్కువగా పైరెథ్రాయిడ్ మందులు, పురుగుల్ని చంపేందుకే చేసినవి. పాడ్స్ పురుగులకి దగ్గరి చుట్టాలు, పైగా ఎయిర్ పంపు గదిలో గాలిని తీసి నేరుగా నీళ్ళలోకి పంపుతుంది. ట్యాంకున్న గదిలో, డబ్బాలున్న గదిలో దోమతెర కట్టుకోండి. వీధిలో పొగ కొట్టే బండి శబ్దం వినపడగానే కిటికీలు మూసి, ఎయిర్ పంపు అరగంట ఆపండి. చేతికి దోమల క్రీమ్ రాసుకుని ట్యాంకులో చేయి పెట్టొద్దు. రెండో డబ్బా వేరే గదిలో ఉండాలన్నది ఇందుకే.

వేడి రెండోది. ట్యాంకు 25, 26 డిగ్రీల్లో ఉండాలి, మేలో గదే 34 ఉంటుంది. బెంగళూరులో నీళ్ళ మీద ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మనకి గాలిలోనే తడి ఎక్కువ, నీరు అంతగా ఆవిరవదు, ఫ్యాను అంత పనిచేయదు. ట్యాంకుకి చిల్లర్ తప్పదు. డబ్బాలకి అక్కర్లేదు, నేల మీద, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూలలో, తడి గుడ్డ చుట్టి పెట్టండి. టిగ్రియోపస్, అపోసైక్లాప్స్ తట్టుకుంటాయి. ఫైటో సీసాలు మాత్రం 30 దాటితే దెబ్బతింటాయి, ఏసీ వేసే గదికి మార్చండి, ఎండాకాలం ఐసోక్రైసిస్‌ని ఫ్రిజ్‌లోనే తోడుగా దాచుకోండి.

సముద్రం పక్కనే ఉంది కదా, నీళ్ళు తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు తగ్గుతుందనిపిస్తుంది. బీసెంట్ నగర్, మెరీనా రెండూ వద్దు, అడయారు, కూవం నదులు కలిసేది అక్కడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి ఒడ్డు నీళ్ళలో ఉప్పు కూడా పడిపోతుంది. సముద్రంలో వల వేసి పాడ్స్ పట్టుకొస్తామనేవాళ్ళున్నారు, అసలు వద్దు. చేపల ఒంటికి పట్టే పేలల్లో చాలా రకాలు కూడా కోపెపాడ్లే, వాటితో పాటు ఏమొస్తుందో మనం పోల్చలేం.

కరెంటు సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. ట్యాంకుకి బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, డబ్బాల మూతలు తీసేసి, మేత ఆపేసి, మూడు నాలుగు గంటలకోసారి శుభ్రమైన గరిటెతో కలిపాను. పాడ్స్ బతికాయి. ఫైటో ఒక సీసా పోయింది, ఫ్రిజ్‌లో తోడు ఉండబట్టి మళ్ళీ మొదలైంది.

మాండరిన్ ఎప్పుడు వేయాలి

చాలామంది పాడ్స్ పెంచేదే మాండరిన్ చేప కోసం. ఆ రంగులు చూస్తే ఎవరికైనా కావాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, పధ్నాలుగు నెలలు ఆగాను. అది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రాళ్ళ మీద ఒక్కొక్క పాడ్‌నీ ఏరుకుని తింటూనే ఉంటుంది. చిన్న కొత్త ట్యాంకులో వేస్తే రెండు మూడు నెలల్లో ఉన్నవన్నీ అయిపోయి, నెమ్మదిగా ఎండిపోయి చచ్చిపోతుంది. ఏడాది దాటిన ట్యాంకు, కనీసం 200 లీటర్లు, రెఫ్యూజియం, బయట నడుస్తున్న రెండు డబ్బాలు, ఇవన్నీ ఉంటేనే ఒక్కటి వేయండి. సిక్స్‌లైన్ రాస్ లాంటి పాడ్స్ తినే చేప ఇంకొకటి ఉంటే రెండిటికీ చాలదు. స్కూటర్ బ్లెనీ అని అమ్మేది కూడా బ్లెనీ కాదు, మాండరిన్ చుట్టమే, అదే మేత.

షాపులో కొనేటప్పుడు పైనుంచి చూడండి. తల వెనక వీపు గుంట పడినా, పొట్ట లోపలికి పోయినా తీసుకోవద్దు. ఇంటికొచ్చాక ప్రతి వారం అలాగే చూడండి. పొట్ట గుండ్రంగా ఉంటే సరే, పలచబడుతుంటే వారానికి రెండుసార్లు డబ్బా పాడ్స్, దాంతో పాటు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటివి) పిల్లలు ఇవ్వండి. ఫ్రోజెన్ మేత తినడం కొన్ని నేర్చుకుంటాయి, నేర్చుకున్నా పాడ్స్ ఆపకండి.

మందులు వేసే ముందు

చేపకి తెల్ల మచ్చలొస్తే రాగి మందు ట్యాంకులో పోయకూడదు, వేరే ట్యాంకులోకి మార్చి అక్కడే వైద్యం. అక్రోపోరా కోరల్స్ మీద ఎర్ర పురుగులొచ్చాయని కుక్కలకిచ్చే నులిపురుగుల మాత్ర కరిగించి ట్యాంకులో పోస్తుంటారు. ఆ ఎర్ర పురుగులు కూడా కోపెపాడ్లే, వాటిని చంపే మందు మన పాడ్స్‌ని, రొయ్యల్ని వదలదు. కోరల్‌ని బయటికి తీసి బకెట్లో ముంచి శుభ్రం చేయండి. తప్పనిసరై ట్యాంకులో వేయాల్సి వస్తే, ముందే డబ్బాలు రెండూ నిండుగా ఉన్నాయో లేదో చూసుకోండి, మందు పోయాక దాన్ని పీల్చేసే కార్బన్ పెట్టి, నీళ్ళు మార్చి, వారం తర్వాత వాటితోనే ట్యాంకుని మళ్ళీ నింపాలి.

సంక్రాంతికి ఊరెళ్తే

పది రోజులు ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు చాలామంది డబ్బాలో చిక్కగా ఫైటో పోసి వెళ్తారు, తిరిగొచ్చేసరికి కుళ్ళిన వాసన. వెళ్ళే రెండు రోజుల ముందు పాడ్స్‌లో మూడో వంతు తీసి ట్యాంకులో వేసేయండి, డబ్బాలో నోళ్ళు తగ్గుతాయి. వెళ్ళే రోజు మామూలుగా పోసేంతే లేత పచ్చగా పోయండి. పక్కింటివాళ్ళకి చేప మేత పొట్లాలు కట్టి ఇచ్చినా, డబ్బా ముట్టుకోవద్దని చెప్పండి, ఆకలికి అవి అడుగున చెత్త తిని బతుకుతాయి. ఫైటో మొత్తం ఫ్రిజ్‌లోకి. గీత కంటే వేలెడు ఎత్తు ఎక్కువగా ఆర్‌ఓ డీఐ నీళ్ళు నింపి, మూత వదులుగా పెట్టి, దోమల ప్లగ్గు తీసేసి బయల్దేరండి. తిరిగొచ్చిన రాత్రి సంచులు దించగానే నేను చేసే మొదటి పని టార్చ్ తీసుకుని డబ్బా దగ్గర కూర్చోవడం. పదిహేను ఇరవై కదులుతున్నా చాలు, కాస్త ఫైటో పోస్తే నెలకల్లా మళ్ళీ నిండిపోతుంది.